గిటార్‌లో ట్రెబుల్ (పై స్వరాల పదును) ఉంచితే చెవిలో గుచ్చుతోంది, తగ్గిస్తే మొద్దుబారుతోంది. వార్మ్ టోన్ ఎలా?

సన్నతీగ
స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) తరహా ఎలక్ట్రిక్ గిటార్, పికప్‌లు (తీగ కదలికని సిగ్నల్‌గా మార్చేవి) మూడూ సింగిల్ కాయిల్‌వే. 15 వాట్ల ట్యూబ్ కాంబో (యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో), లోపల 12 అంగుళాల స్పీకర్. మధ్యలో ఒక ఓవర్‌డ్రైవ్ పెడల్ (శబ్దాన్ని చిరిగేలా చేసేది), ఒక డిలే పెడల్ (ప్రతిధ్వనికి). ఇంతే నా సరంజామా.

స్లో బ్లూస్ వాయించేటప్పుడు ఒక్క నోట్ పట్టుకుని నిలబెడితే అది గొంతెత్తి పాడినట్టుండాలి, నాకు కావాల్సిందల్లా అదే. వస్తున్నదేమో వేరు. సన్న తీగల మీద ఏది మీటినా చెవిలో గుచ్చుతోంది. యాంప్ మీద ట్రెబుల్ 6 నుంచి 3కి దించితే గుచ్చడం ఆగుతుంది కానీ నోట్‌లో ప్రాణం కూడా పోతుంది. బ్యాండ్‌తో కలిస్తే నేను వాయిస్తున్నట్టే ఎవరికీ తెలియదు. ఇంట్లో ఎక్కువగా రాత్రిపూట చిన్న వాల్యూమ్‌లోనే వాయిస్తాను. పికప్‌లు మార్చనా, స్పీకర్ మార్చనా, ఏకంగా యాంపే మార్చేయనా? వార్మ్ టోన్ తెచ్చుకున్నవాళ్లు ఏం చేశారో చెప్పండి, పిచ్చెక్కుతోంది.

రిథమ్‌రాముడు
నెక్ పికప్ (గిటార్ మెడ వైపుది) పెట్టు, గిటార్ మీద టోన్ నాబ్ 5కి తిప్పు. అయిపోయింది.

సన్నతీగ
@రిథమ్‌రాముడు చేశాను బ్రో. క్లీన్‌లో అది కూడా మొద్దుగానే ఉంది. పైగా బ్రిడ్జ్ (తీగలు ఆనే కింది చివర) పికప్‌కి టోన్ నాబ్ పనే చేయడం లేదు, ఎటు తిప్పినా ఒకేలా ఉంది.

కెపాసిటర్‌కన్నయ్య
అది చెడిపోలేదు, స్ట్రాట్ పాత వైరింగే అంత. ఒక టోన్ నాబ్ నెక్‌కి, ఇంకోటి మిడిల్‌కి, బ్రిడ్జ్‌కి ఏమీ ఉండదు. స్విచ్ దగ్గర ఒక చిన్న వైరు కలిపితే రెండో నాబ్ బ్రిడ్జ్‌కి కూడా పనిచేస్తుంది. సోల్డరింగ్ వచ్చినవాళ్లకి పది నిమిషాల పని. చాలామంది మొట్టమొదట చేసుకునే మార్పు ఇదే.

వాక్యూమ్_బాబాయ్
ఏదీ కొనకు తమ్ముడూ, ఆగు. ముందు ట్రెబుల్ ఎక్కడ తగ్గిస్తున్నావో చూసుకో. చాలామంది పట్టించుకోని సంగతి ఇది.

క్లీన్‌లో ట్రెబుల్ తీసేస్తే తీసేసినట్టే, దాన్ని తిరిగి తెచ్చేది తర్వాత ఏదీ లేదు. అదే యాంప్ కాస్త విరిగే (శబ్దం చిరిగే) స్థితిలో ఉంటే కథ వేరు. గిటార్ మీదే టోన్ తగ్గించి పంపావనుకో, ట్యూబ్‌లు ఆ సిగ్నల్‌ని నొక్కేటప్పుడు కొత్త హార్మోనిక్స్ (మూల స్వరం పైన పలికే స్వరాలు) పుడతాయి. అడుగున మెత్తగా ఉంటూనే పైన మెరుపు మిగులుతుంది. 1960ల చివర్లో ఎరిక్ క్లాప్టన్ టోన్ నాబ్ దాదాపు సున్నాకి దించి వాయించిన ఆ గొంతు అలా వచ్చిందే. యాంప్ గట్టిగా పనిచేస్తోంది కాబట్టే అది మొద్దుగా లేదు. అదే సెట్టింగ్ క్లీన్ యాంప్‌లో పెడితే పక్కగదిలో ఎవరో వాయిస్తున్నట్టుంటుంది.

రెండో సంగతి మిడ్, అంటే మధ్య స్వరాలు. అమెరికన్ తరహా యాంప్‌లలో టోన్ సర్క్యూటే మిడ్‌ని తవ్వేసినట్టు కట్టి ఉంటుంది. ఫెండర్ డీలక్స్ రివర్బ్ 1963లో వచ్చింది, దానికి అసలు మిడ్ నాబే లేదు, లోపల 6.8 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఒకటి స్థిరంగా పెట్టేశారు. ఇలాంటి సర్క్యూట్‌లో బాస్, ట్రెబుల్ రెండూ పెంచుకుంటూ పోతే మధ్యది ఇంకా లోపలికి కుంగిపోతుంది. గొంతు ఉండేది ఆ మధ్యలోనే. నీ యాంప్‌కి మిడ్ నాబ్ ఉంటే దాన్ని పూర్తిగా పెంచు, బాస్ 3, ట్రెబుల్ 4 దగ్గర మొదలుపెట్టు. యాంప్ వాల్యూమ్ గట్టిగా మీటితే కొంచెం చిరిగేదాకా పెంచు, అప్పుడు గిటార్ వాల్యూమ్ 7కి దించు. అక్కడి నుంచి చెవితో వెతుక్కో.

పెంటటోనిక్‌పద్మ
బాబాయ్ చెప్పిన 7 సంగతి ఎవరూ వదిలేయొద్దు. గిటార్ వాల్యూమ్ ఎప్పుడూ 10లోనే పెట్టి "టోన్ రావట్లేదు" అనేవాళ్లే ఎక్కువ. 7లో కాస్త ట్రెబుల్ దానంతటదే తగ్గుతుంది, సోలో వచ్చినప్పుడు 10కి తిప్పితే అదే బూస్ట్.

కీచురాయి
ట్యూబ్‌లు, ట్యూబ్‌లు అని జపం చేయడం ఆపుదాం కాసేపు. బ్లూస్ దిగ్గజం బి.బి.కింగ్ ఏళ్ల తరబడి వాయించిన ల్యాబ్ సిరీస్ ఎల్5 ట్రాన్సిస్టర్ యాంపే. ఆయన టోన్‌లో ఆత్మ లేదని ఎవరైనా అనగలరా? 1975లో వచ్చిన రోలాండ్ జేసీ-120 కూడా ట్రాన్సిస్టరే, జాజ్ వాళ్లు నేటికీ దాని మీద మెత్తటి క్లీన్ తెచ్చుకుంటున్నారు. వార్మ్ అనేది గాజు బుడ్డిలో ఉంటుందన్న నమ్మకంతో ఊరికే ట్యూబ్‌లు మార్చుకుంటూ కూర్చోవద్దు.

వాక్యూమ్_బాబాయ్
@కీచురాయి బి.బి.కింగ్ మాట ఒప్పుకుంటాను. కానీ ఆయన చేతిలో ఉన్నది హంబకర్లున్న (రెండు కాయిల్స్ పికప్‌లున్న) సెమీహాలో (సగం బోలు) గిటార్. సింగిల్ కాయిల్‌తో ట్రాన్సిస్టర్ క్లీన్‌లోకి నేరుగా వెళ్లి అదే బరువు తెమ్మంటే కష్టం. ట్యూబ్ యాంప్‌లో గట్టిగా మీటినప్పుడు వోల్టేజ్ కాస్త కుంగి మళ్లీ లేస్తుంది, ముఖ్యంగా రెక్టిఫయర్ (ఏసీ కరెంటుని డీసీ చేసేది) కూడా ట్యూబ్ అయితే. నోట్ మొదట నొక్కుకుని తర్వాత ఉబ్బుతుంది. అది వేలికి తెలుస్తుంది, వినేవాడికి తెలియకపోవచ్చు.

కీచురాయి
వేలికి తెలిసేదాన్నే అందరూ చెవికి వినపడిందని చెప్తారు, నా గొడవ అదే. ఆ నొక్కుడు ఒక మంచి కంప్రెసర్‌తో (శబ్దం హెచ్చుతగ్గుల్ని సమం చేసేదానితో) చాలావరకు వస్తుంది.

వాక్యూమ్_బాబాయ్
చాలావరకు వస్తుంది. పూర్తిగా రాదు.

పెంటటోనిక్‌పద్మ
మీ ఇద్దరూ తేల్చుకునేలోపు @సన్నతీగ నువ్వు ఒక పని చెయ్యి. ఏ పిక్‌తో (తీగ మీటే బిళ్లతో) వాయిస్తున్నావు? సన్నటిదైతే పక్కన పెట్టెయ్. సన్న పిక్ తీగ మీద వంగి వదిలినప్పుడు ముందు టిక్ అని ఒక చప్పుడు వస్తుంది, నోట్ దాని వెనక వస్తుంది. నీ చెవిలో గుచ్చుతున్నదాంట్లో సగం ఆ టిక్కే అయి ఉండొచ్చు. నేను 1.5 మిల్లీమీటర్ల పిక్‌కి మారి, కొన వైపు కాకుండా గుండ్రటి భుజం వైపు తిప్పి పట్టుకుంటాను. పిక్‌ని తీగకి సమాంతరంగా కాకుండా కొంచెం వాల్చి తాకితే గీరుతుంది, అది కూడా గమనించు.

ఇంకా పెద్ద తేడా ఎక్కడ మీటుతున్నావన్నది. బ్రిడ్జ్ దగ్గర మీటితే పై హార్మోనిక్సే ఎక్కువ వస్తాయి, ఫింగర్‌బోర్డ్ చివర దగ్గరికి జరిగితే మూల స్వరం లావుగా వస్తుంది. ఓపెన్ తీగని సరిగ్గా 12వ ఫ్రెట్ పైన మీటి చూడు, సరిసంఖ్య హార్మోనిక్స్ దాదాపు మాయమై పిల్లనగ్రోవి దగ్గరికి వెళ్తుంది శబ్దం. చేతిని నాలుగు వేళ్లు అటూ ఇటూ జరపడంలోనే ఇంత ఉంది. జాజ్ గిటారిస్ట్ వెస్ మాంట్‌గోమరీ పిక్కే వాడలేదు, బొటనవేలితోనే మొత్తం కెరీర్.

రిథమ్‌రాముడు
అక్క చెప్పినట్టు ఇప్పుడే 12వ ఫ్రెట్ దగ్గర మీటాను. ఇన్నేళ్లలో ఇది ఎవరూ చెప్పలేదేంటి నాకు!

బాస్‌భాస్కర్
బాస్ గిటార్ వాడిగా నా తరఫున ఒక మాట. దయచేసి వార్మ్ అంటే బాస్ పెంచడం అనుకోవద్దు. ఇంట్లో ఒక్కడివే వాయించేటప్పుడు అడుగు నిండుగా ఉంటే బాగుంటుంది, బ్యాండ్‌లోకి వచ్చాక ఆ చోటు నాది, డ్రమ్మర్ కిక్‌ది. అక్కడికి నువ్వూ వస్తే ముగ్గురమూ బురదైపోతాం. 100 హెర్ట్జ్ కింద నీకు పనిలేదు. నువ్వు వినపడాల్సింది 400 నుంచి 1000 మధ్యలో. బ్యాండ్‌లో కనపడకుండా పోతున్నానన్నావు కదా, ట్రెబుల్ 3కి దించి బాస్ అలాగే వదిలేసి ఉంటావు, అందుకే.

సన్నతీగ
@బాస్‌భాస్కర్ బాస్ 7లో ఉంది అన్నా.

బాస్‌భాస్కర్
దొరికాడు దొంగ.

కెపాసిటర్‌కన్నయ్య
కేబుల్ గురించి ఎవరూ మాట్లాడట్లేదు. పికప్ ఒక కాయిల్, కేబుల్ ఒక కెపాసిటర్, రెండూ కలిస్తే ఒక చోట శిఖరం వస్తుంది. స్ట్రాట్ పికప్‌లో ఆ శిఖరం ఎక్కువ ఫ్రీక్వెన్సీలో ఉంటుంది, మెరుపు అక్కడిదే, గుచ్చుడూ అక్కడిదే. మామూలు కేబుల్ మీటరుకి దాదాపు 100 పికోఫ్యారడ్లు. 6 మీటర్లది వాడితే 600, శిఖరం కిందికి జరుగుతుంది, పదును తగ్గి మధ్యలో బలం వస్తుంది. 3 మీటర్ల ఖరీదైన తక్కువ కెపాసిటెన్స్ కేబుల్ కొన్నవాళ్లు తెలియకుండానే ట్రెబుల్ పెంచుకుంటున్నారు. జిమీ హెండ్రిక్స్ వాడిన చుట్టల కాయిల్డ్ కేబుల్ చాలా పొడవు, ఆ పొడవే ఆయన స్ట్రాట్ గుచ్చకపోవడానికి ఒక కారణం.

ఒక మెలిక ఉంది. మొదటి పెడల్‌లో బఫర్ (సిగ్నల్‌ని బలపరిచే చిన్న సర్క్యూట్) ఉంటే దాని ముందున్న కేబుల్ మాత్రమే లెక్కలోకి వస్తుంది. @సన్నతీగ మీ ఓవర్‌డ్రైవ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు బఫరా, ట్రూ బైపాసా (సిగ్నల్ పెడల్ సర్క్యూట్‌ని తాకకుండా నేరుగా పోతుందా)?

సన్నతీగ
బఫర్. గిటార్‌కీ దానికీ మధ్య 3 మీటర్ల కేబుల్. 6 మీటర్లది బ్యాగ్‌లో ఉంది, రేపు చూస్తాను.

స్పీకర్‌శాస్త్రి
అందరూ గిటార్ వైపు నుంచి వస్తున్నారు, నేను అవతలి చివర నుంచి వస్తాను. యాంప్ ఎక్కడ పెట్టావు, నీ చెవి ఎక్కడ ఉంది?

సన్నతీగ
@స్పీకర్‌శాస్త్రి స్టూల్ మీద ఉందండి. నేను దాని ఎదురుగా కుర్చీలో, మీటరు దూరం ఉంటుందేమో.

స్పీకర్‌శాస్త్రి
అయితే సగం జబ్బు అదే. 12 అంగుళాల స్పీకర్ ట్రెబుల్‌ని చుట్టూ పంచదు, నడిమధ్య నుంచి ఒక సన్నటి కిరణంలా సూటిగా పంపుతుంది. నువ్వు సరిగ్గా ఆ దారిలో కూర్చున్నావు. రెండడుగులు పక్కకి జరిగి అదే వాయింపు విను, వేరే యాంప్ అనుకుంటావు. యాంప్‌ని నేల మీదకి దింపితే అడుగున కాస్త బలం కూడా వస్తుంది.

ఇక స్పీకర్ మార్చాలా అన్నావు. పికప్‌ల కంటే ముందు స్పీకరే మార్చమంటాను నేను, కానీ పైవన్నీ చూశాకే. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక జారిపోతుంది, మనం వినే టోన్‌లో అదొక పెద్ద ఫిల్టర్. ఆ జారుడుకి ముందు 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఏ స్పీకర్ ఎంత ఎగదోస్తుందన్నదే వాటి మధ్య తేడా. సెలెస్టియన్ వింటేజ్ 30 అక్కడ బాగా ముందుకొస్తుంది, అదే కంపెనీ గ్రీన్‌బ్యాక్ 25 వాట్లది మెత్తగా ఉంటుంది. కొత్త స్పీకర్ కోన్ బిగుసుగా ఉంటుంది, కొంతకాలం వాయించాక కాస్త వదులవుతుంది, మొదటి రోజే తీర్పు ఇవ్వకు.

కీచురాయి
@స్పీకర్‌శాస్త్రి యాంప్ పక్కకి తిప్పేస్తే వాయించేవాడి చెవికి బాగుంటుంది, సరే. ఎదురుగా కూర్చున్న శ్రోతకి ఆ కిరణం పోతోంది కదా. స్టేజ్ మీద యాంప్ కాళ్ల దగ్గర పెట్టుకుని "భలే వార్మ్‌గా ఉంది" అని ట్రెబుల్ పెంచుకుంటారు, మూడో వరుసలో వాళ్లు చెవులు మూసుకుంటారు. నేను దీనికి పూర్తి వ్యతిరేకం. యాంప్ వెనక్కి వాల్చి ముఖానికి పెట్టుకుని, ఆ కిరణంలోనే బాగుండేలా సెట్ చేసుకోవాలి.

స్పీకర్‌శాస్త్రి
స్టేజ్ మీద నువ్వు చెప్పిందే నేనూ చేస్తాను. ఇతను రాత్రిపూట గదిలో ఒక్కడే వాయిస్తున్నాడు, వినేది అతనే.

హెడ్‌ఫోన్‌హరి
యాంప్ లేనివాళ్ల కోసం. కంప్యూటర్‌లో మోడలర్ (యాంప్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్) వాడుతుంటే ఈ సమస్య పదింతలు. క్యాబినెట్ సిమ్యులేషన్ లేకుండా ఓవర్‌డ్రైవ్ నేరుగా హెడ్‌ఫోన్‌లోకి పంపితే ఈగలు ముసిరినట్టుంటుంది. క్యాబ్ ఐఆర్ (నిజం స్పీకర్ పెట్టె శబ్దాన్ని కొలిచి దాచిన ఫైల్) వేసి, ఆ తర్వాత 5 లేదా 6 కిలోహెర్ట్జ్ దగ్గర హైకట్ (పైది కోసేది), 80 హెర్ట్జ్ దగ్గర లోకట్ (కిందిది కోసేది) పెట్టండి. మైక్ ఎంచుకునే వీలుంటే ఎస్‌ఎం57 మైక్‌ని కోన్ నడిమధ్య నుంచి అంచు వైపు జరపండి, లేదా రిబ్బన్ మైక్ ఎంచుకోండి. ఈక్యూతో కుస్తీ పట్టే పని చాలా తగ్గుతుంది.

స్లైడ్‌సుబ్బు
బ్రిటిష్ బ్లూస్ గిటారిస్ట్ పీటర్ గ్రీన్ పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదు, ఆశ్చర్యంగా ఉంది. ఆయన లెస్ పాల్ గిటార్‌లో నెక్ పికప్ అయస్కాంతం తిరగబడి ఉండేది. రెండు పికప్‌లూ కలిపి పెడితే ఫేజ్ ఎదురై (రెండు సిగ్నల్‌లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని) అడుగంతా కొట్టుకుపోయేది, మిగిలేది సన్నటి, ముక్కుతో పలికినట్టుండే గొంతు. ఆ తర్వాత గ్యారీ మూర్ చేతికి వచ్చింది ఆ గిటార్, ఇప్పుడు మెటాలికా గిటారిస్ట్ కిర్క్ హామెట్ దగ్గర ఉంది. లెక్క ప్రకారం చూస్తే అది వార్మ్ టోనే కాదు, బాస్ లేదు, లావు లేదు. అయినా వింటుంటే గుండె పట్టేస్తుంది. అందుకని నాబ్‌లన్నీ పక్కన పెట్టి వైబ్రాటో మీద కూర్చో అంటాను. నోట్ మీటాక కాసేపు నిటారుగా వదిలి, తర్వాత నెమ్మదిగా ఊపు. మీటిన వెంటనే గబగబా వణికిస్తే ఏ యాంప్ అయినా కంగారుగానే వినిపిస్తుంది.

రిథమ్‌రాముడు
సుబ్బన్నా, ప్రతి థ్రెడ్‌లోనూ చివరికి వైబ్రాటో దగ్గరికి తీసుకొస్తావు నువ్వు. డ్రమ్స్ థ్రెడ్‌లో కూడా తెచ్చావు.

స్లైడ్‌సుబ్బు
తెస్తాను. ఎందుకంటే నిజం కాబట్టి.

తీగలతాత
పికప్ ఎత్తు చూశావా బాబూ? స్ట్రాట్ పికప్‌లో అయస్కాంతాలే తీగ కింద నిలబడి ఉంటాయి. బాగా దగ్గరగా ఉంటే తీగని లాగేస్తాయి, నోట్ నిలవదు, ట్యూనింగ్ కూడా వంకరగా పలుకుతుంది, పైగా మీటగానే పొడిచినట్టు వస్తుంది. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కిపట్టి కొలువు. లావు తీగ కింద దాదాపు 2.4 మిల్లీమీటర్లు, సన్న తీగ కింద 2. పికప్ పక్కనున్న రెండు స్క్రూలు చిన్నగా తిప్పుతూ, ప్రతి అర చుట్టుకీ ఒకసారి వాయించి చూసుకుంటూ దింపు. వాల్యూమ్ తగ్గినట్టనిపిస్తుంది, యాంప్ మీద పెంచుకో. అప్పుడు నోట్ తెరుచుకోవడం నీకే తెలుస్తుంది. పైసా ఖర్చు లేదు.

తీగల సంగతి కూడా. 9లు (అన్నిటికంటే సన్న తీగ 0.009 అంగుళాలు) వేసి ఉంటే 10లకో 11లకో మారు, నికెల్ పూత కాకుండా పూర్తి నికెల్ చుట్టినవి దొరికితే ఇంకా మెత్తగా ఉంటాయి.

కీచురాయి
తాత గారితో తీగల లావు దగ్గర ఒప్పుకోలేను. బెండ్ చేయడానికి వేళ్లు కష్టపడితే ఆ కష్టమే వినిపిస్తుంది. బి.బి.కింగ్ స్వయంగా సన్న తీగల పక్షం. పికప్ ఎత్తు మాత్రం నూటికి నూరు పాళ్లు.

సన్నతీగ
ఈ రోజు కూర్చుని చూశాను. యాంప్ కిందకి దింపి పక్కకి తిప్పాను, బాస్ 3, మిడ్ పూర్తిగా, ట్రెబుల్ 5 దాకా వెళ్లగలిగాను గుచ్చకుండా. పికప్‌లు నిజంగానే తీగలకి తగిలేంత దగ్గరున్నాయి, దింపాక జి తీగ మీద నోట్ ముందు కంటే చాలాసేపు నిలబడుతోంది. 6 మీటర్ల కేబుల్‌తో తేడా ఉంది కానీ చిన్నది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు యాంప్ వాల్యూమ్ 5 దాటించి గిటార్ 7లో పెట్టి, నెక్ పికప్ టోన్ 4కి దించాను. అదే, అదే కావాలి నాకు. బాబాయ్‌కి దండం.

రాత్రి వాల్యూమ్ 1.5కి దించగానే మళ్లీ పలచన. దీనికేంటి మార్గం?

వాక్యూమ్_బాబాయ్
అది యాంప్ ఒక్కదాని సమస్య కాదు, నీ చెవిది కూడా. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. శబ్దం తగ్గేకొద్దీ మనకి అడుగు స్వరాలు మిగతావాటి కంటే ఎక్కువగా తగ్గినట్టు వినిపిస్తాయి. కాబట్టి రాత్రి సెట్టింగ్ వేరు, పగటి సెట్టింగ్ వేరు అనుకో. రాత్రికి బాస్ 5 దాకా పెంచుకో, బ్యాండ్‌కి వెళ్లేటప్పుడు మళ్లీ దించెయ్, లేకపోతే భాస్కర్ ఊరుకోడు.

కరుకుదనం కోసం నీ ఓవర్‌డ్రైవ్‌నే వాడు. ట్యూబ్ స్క్రీమర్ తరహాదైతే అది 720 హెర్ట్జ్ కిందున్నదాన్ని తక్కువ నొక్కుతుంది, పైన ట్రెబుల్ కూడా కోస్తుంది, మధ్య ముందుకొస్తుంది. డ్రైవ్ 3 దగ్గర, టోన్ 4, లెవెల్ ఎక్కువ. గిటార్ టోన్ దించి దీనిలోకి పంపితే ట్యూబ్ విరిగినప్పుడు వచ్చినంత కాకపోయినా అదే దారి.

హెడ్‌ఫోన్‌హరి
అటెన్యుయేటర్ కూడా ఉంది. యాంప్‌కీ స్పీకర్‌కీ మధ్య పెడితే యాంప్ గట్టిగా పనిచేస్తూనే శబ్దం తగ్గుతుంది. 15 వాట్లని 1.5కి దించినా 10 డెసిబెల్సే తగ్గుతుంది, చెవికి సగమైనట్టుంటుంది అంతే, కాబట్టి ఇంకా కిందికి వెళ్లగలిగేది చూసుకో.

కెపాసిటర్‌కన్నయ్య
అటెన్యుయేటర్ మాట వచ్చింది కాబట్టి. ట్యూబ్ యాంప్‌ని స్పీకర్ గానీ లోడ్ గానీ తగిలించకుండా ఎప్పుడూ ఆన్ చేయొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. యాంప్‌కీ దానికి తగిలించినదానికీ ఓమ్‌లు సరిపోవాలి. ఇంకోటి, ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు మిగిలి ఉంటాయి, ప్రాణం పోతుంది. చాసిస్ విప్పే పని తెలిసినవాళ్లకే వదిలేయండి.

సన్నతీగ
ట్యూబ్‌లు మార్చడం కూడా ప్రమాదమేనా? మొదటి ప్రీయాంప్ ట్యూబ్ మారిస్తే మెత్తబడుతుందని చదివాను.

వాక్యూమ్_బాబాయ్
వెనక నుంచి చేతికందే ప్రీయాంప్ ట్యూబ్ మార్చుకోవచ్చు, చల్లారాక. బయాస్ (ట్యూబ్ కరెంటు సర్దుబాటు) గొడవ లేదు దానికి. 12ఏఎక్స్7 (మామూలుగా వాడే ప్రీయాంప్ ట్యూబ్) గెయిన్ ఫ్యాక్టర్ 100, దాని బదులు 5751 పెడితే 70. యాంప్ కాస్త ఆలస్యంగా విరుగుతుంది, గిటార్ వాల్యూమ్ నాబ్‌కి ఇంకా బాగా స్పందిస్తుంది. పవర్ ట్యూబ్‌లు మాత్రం ముట్టుకోకు, కొన్ని యాంప్‌లకి బయాస్ సెట్ చేయాలి.

పెంటటోనిక్‌పద్మ
@సన్నతీగ పిక్ సంగతి చెప్పలేదు నువ్వు.

సన్నతీగ
0.6 వాడుతున్నా అక్కా. 1.5 ఆర్డర్ పెట్టాను.

స్లైడ్‌సుబ్బు
డిలే ఎక్కడ పెట్టావు? ఓవర్‌డ్రైవ్‌కి ముందుంటే ప్రతి ప్రతిధ్వనీ మళ్లీ విరిగి గజిబిజి అవుతుంది, తర్వాతే ఉండాలి. యాంప్‌కి ఎఫెక్ట్స్ లూప్ (ప్రీయాంప్ తర్వాత పెడల్ కలిపే దారి) ఉంటే అందులో. డిజిటల్ డిలే అయితే రిపీట్స్ అసలు నోట్ అంత పదునుగా తిరిగొస్తాయి, టోన్ నాబ్ ఉంటే దాన్ని దించు, రిపీట్స్ వెనక్కి జరిగి నోట్ ముందు నిలబడుతుంది. అనలాగ్ అయితే అదే మసకబారుతూ పోతుంది, ముట్టుకోనక్కర్లేదు.

సన్నతీగ
డిజిటల్‌దే, టోన్ నాబ్ ఉంది, ఇప్పటిదాకా 10లో ఉంది. రాత్రికి దించి చూస్తాను సుబ్బన్నా. లూప్ లేదు.

స్లైడ్‌సుబ్బు
లూప్ లేకపోతే యాంప్ మరీ విరిగేంత పెట్టినప్పుడు డిలే ఆపెయ్, స్ప్రింగ్ రివర్బ్ 2 దగ్గర చాలు.